గోదావరి నీళ్ళు పోస్తే ఆరదా, సార్?



నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పని చాలించుకున్నవాణ్ణి. పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలలో, వెంటనే జవాబు చెప్పినవి చాలావరకు మరిచిపోయాను. చెప్పలేక తెల్లమొహం వేసినవి మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. అలాంటి ఒక ప్రశ్న సంగతి ఈ నెల మీకు చెబుతాను.

అది 1995 జనవరి. అప్పుడు నేను భద్రాచలానికి దగ్గరలో, అడవి అంచున ఉన్న ఒక బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రాంతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది గాని, ఆ రోజుల్లో ఖమ్మం జిల్లాయే. బడికి ఆనుకొని హాస్టలు ఉండేది. బస్సులో దినపత్రిక రాగానే, వరండాలో పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఒకరిచేత గట్టిగా చదివించడం నా అలవాటు.

ఒక రోజు పత్రికలో పెద్ద మంట బొమ్మ వచ్చింది. కోనసీమలో పాశర్లపూడి అనే ఊరి దగ్గర ఓఎన్‌జీసీ వారు నేలలోని గ్యాసు కోసం బావి తవ్వుతున్నారు. జనవరి 8న ఆ బావి అదుపు తప్పింది. లోపలి గ్యాసు ఒక్క ఉదుటున పైకి తన్నుకొని వచ్చి అంటుకున్నది. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించారు. రోజులు గడిచినా మంట ఆరలేదు.

ఇది చదవగానే ఆరో తరగతి కుర్రవాడొకడు లేచాడు.

"సార్, కోనసీమ అంటే మన గోదావరి సముద్రంలో కలిసే చోటే గదా?"

"అవును."

"మరి పక్కనే గోదావరి పెట్టుకొని మంట ఆర్పలేకపోవడమేమిటి? గోదావరి నీళ్ళు పోస్తే ఆరదా, సార్?"

పిల్లలంతా పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాశర్లపూడి పక్కనే గోదావరి పాయ వైనతేయ పారుతున్నది. నీళ్ళకు కరువు లేదు. అయినా ఆ మంట ఎందుకు ఆరడం లేదో నాకూ తెలియదు! "సాయంత్రం చెబుతాను" అని తప్పించుకున్నాను.

సాయంత్రం జవాబు చెప్పే అవసరం నాకు రాలేదు. అందులో సగం మా వంటశాలే చెప్పింది.

వంటశాలలో నేర్చుకున్న పాఠం

సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇళ్ళకు వెళ్ళే ముందు వాళ్ళకు అరిసెలు పెట్టాలని అనుకున్నాం. కట్టెల పొయ్యి మీద పెద్ద మూకుడు నిండా నూనె కాగుతున్నది. వంట చేసేది ఒక కోయ ముసలమ్మ. పిల్లలూ పంతుళ్ళూ అందరం ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం. బుద్ధి తక్కువై, సరిగ్గా ఆ సమయంలోనే నేను ఆమెను బయటికి పిలిచి సరుకుల లెక్క అడగడం మొదలుపెట్టాను. మాటల్లో ఉండగానే నూనె పొగలు కక్కి భగ్గుమన్నది. మంట నిట్టనిలువునా లేచింది. పైన తాటాకు కప్పు!

నేను పరుగెత్తుకు వెళ్ళి నీళ్ళ బకెట్టు ఎత్తాను. పెద్దమ్మ వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"ఆగు సారూ! నూనె మంట మీద నీళ్ళా? పిల్లలు కాలిపోతరు!"

ఆమె మొదట పొయ్యిలోని కట్టెలు బయటికి లాగింది. తరవాత అన్నం గుండిగ మీది పెద్ద మూత తీసుకొని, దాన్ని డాలులాగా ముందు పట్టుకొని, మెల్లగా పక్కనుంచి మూకుడు మీదికి తోసింది. నాలుగు లెక్కపెట్టేలోగా మంట పోయింది. ఆరిందో లేదో చూద్దామని నేను మూతమీద చెయ్యి వేయబోయాను.

"ఇప్పుడే తీయకు సారూ, మళ్ళా లేస్తది" అన్నది పెద్దమ్మ.

ఆ రోజు నేను బకెట్టు కుమ్మరించి ఉంటే ఏమయ్యేదో తెలుసా? నూనె నీళ్ళకన్నా తేలిక. పోసిన నీళ్ళు నూనె అడుగుకు దిగుతాయి. సలసల కాగే నూనెలో అవి ఒక్క క్షణంలో ఆవిరి అవుతాయి. నీరు ఆవిరి అయితే 1,600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. ఆ ఆవిరి బయటపడే తొందరలో మండే నూనెను చిమ్మి గది నిండా జల్లుతుంది. నేను ఆర్పేవాణ్ణి కాదు, వంటశాల అంతా అంటించేవాణ్ణి. చదువుకున్న నాకు తట్టని సంగతి బడి మెట్లు ఎక్కని పెద్దమ్మకు చేతివేళ్ళలో ఉన్నది.

నిప్పు అనే మూడు కాళ్ళ పీట

ఆ తరవాత నేను ఈ విషయం మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. అందులోని సారం చాలా సులభం.

నిప్పు మూడు కాళ్ళ పీటలాంటిది. ఒక కాలు, కాలే వస్తువు. రెండో కాలు, వేడి. మూడో కాలు, గాలిలోని ప్రాణవాయువు. మూడూ ఉంటేనే పీట నిలుస్తుంది. ఏ ఒక్క కాలు విరిచినా పడిపోతుంది. పెద్దమ్మ కట్టెలు లాగి వేడిని తగ్గించింది, మూత వేసి గాలిని ఆపింది. నూనె ఇంకా కాగుతుండగా మూత తీస్తే గాలి మళ్ళీ చేరుతుంది, పీట లేచి నిలబడుతుంది. అందుకే వద్దన్నది.

మా అడవివాళ్ళకు ఇంకో కాలు విరవడం బాగా తెలుసు. ఎండాకాలంలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో, పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని చెట్ల కింది ఎండుటాకులకు నిప్పు పెట్టేవాళ్ళున్నారు. గాలి విసిరితే అది అడవి అంటుకుంటుంది. అడవి శాఖవారు వేసవి రాకముందే అడవిలో అక్కడక్కడ బాటలాగా ఆకూ అలమూ ఊడ్చి, నేల బోడిగా చేస్తారు. దాన్ని ఫైర్ లైను అంటారు. మంట అక్కడికి వచ్చేసరికి తినడానికి ఏమీ దొరకక ఆగిపోతుంది. అంటే కాలే వస్తువు అనే కాలు విరిచారన్నమాట.

కాబట్టి మంట ఆర్పేవాడు ముందు నీళ్ళకోసం పరుగెత్తకూడదు. "ఈ మంటకు ఏ కాలు విరవాలి?" అని ఆలోచించాలి. చమురు కర్మాగారాలలో మంటలార్పే దళాల విద్య అంతా ఈ ఒక్క ప్రశ్నమీదే నడుస్తుంది.

చమురు సముద్రానికి కాపలా

మన తెలుగు నేలమీద పెద్ద చమురు శుద్ధి కర్మాగారం విశాఖపట్నంలో ఉన్నది. దాన్ని 1957లో కాల్‌టెక్స్ అనే కంపెనీవారు ప్రారంభించారు. తరవాత అది హిందుస్థాన్ పెట్రోలియం వారిదయింది. నేలలోనుంచి తీసిన ముడిచమురును కాచి, పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, వంటగ్యాసు విడివిడిగా తీసే చోటు అది. మూకుడులో రెండు సేర్ల నూనె అంటుకుంటేనే మాకు గుండెలు జారాయి. లక్షల లీటర్లు పట్టే ట్యాంకులు వరసగా ఉన్నచోట ఎంత జాగ్రత్త కావాలి!

ముందు ఒక సంగతి తెలుసుకోండి. మండేది చమురు కాదు, చమురునుంచి లేచే ఆవిరి. అందుకని పెట్రోలు లాంటివి నిలవచేసే పెద్ద ట్యాంకులకు చమురుమీదే తేలే కప్పు అమర్చుతారు. చమురు పెరిగితే కప్పు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. కప్పుకూ చమురుకూ మధ్య ఆవిరి పోగయ్యే చోటే ఉండదు. నిప్పు పుట్టకముందే ఒక కాలు విరిచినట్టు కాదూ? ట్యాంకుల చుట్టూ గట్టు కూడా కడతారు. లోపల ఉన్నవాటిలో అతి పెద్ద ట్యాంకు పగిలి మొత్తం కారిపోయినా, ఆ గట్టు దాటి పోకూడదని నియమం.

అయినా అంటుకుంటే? అప్పుడు వాడేది పెద్దమ్మ మూతే. కాని అంత పెద్ద ట్యాంకుకు మూత ఎక్కడినుంచి తేవడం? అందుకని నురగతో మూత వేస్తారు. దాన్నే ఫోము అంటారు. మామూలుగా 97 పాళ్ళ నీటికి 3 పాళ్ళ ఫోము ద్రవం కలిపి, గాలితో చిలికి, మంటమీదికి వదులుతారు. నీళ్ళు చమురులో మునిగితే, నురగ చమురుమీద తేలుతుంది. దుప్పటిలాగా పరుచుకొని, ఆవిరిని లోపలే అణిచి, గాలిని రానీయదు. మీ స్నానం సబ్బు నురగ ఈ పనికి రాదు. అది చమురు తగలగానే విరిగిపోతుంది. అందుకే వెనకటి రోజుల్లో పశువుల గిట్టలూ కొమ్ములూ పొడిచేసి, ఉడకబెట్టి, చిక్కటి ఫోము ద్రవం చేసేవారు. తరవాత రసాయనాలతో ఇంకా చురుకైనవి చేశారు. వాటిలో కొన్ని రసాయనాలు నీటిలోనూ మట్టిలోనూ ఎంతకాలమైనా కుళ్ళకుండా ఉండిపోతున్నాయని తెలిసి, ఇప్పుడు చాలా దేశాలు వాటిని మానుకుంటున్నాయి.

అంటే నీళ్ళతో పని లేదా? ఉన్నది, చాలా ఉన్నది! ఒక ట్యాంకు మండుతుంటే పక్క ట్యాంకులు ఆ వేడికి అంటుకోకుండా వాటి చుట్టూ ఉన్న గొట్టాలనుంచి నీళ్ళు జల్లుతూనే ఉండాలి. ఇందుకోసం కర్మాగారమంతటా నేలలో గొట్టాల వల వేస్తారు. పంపులన్నీ పనిచేస్తూ ఉన్నా కనీసం 4 గంటలకు సరిపడే నీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంచాలని మన దేశంలో నియమం. గొట్టాల్లో ఒత్తిడి ఎప్పుడూ పడిపోకుండా జాకీ పంపు అనే చిన్న పంపు చూస్తుంటుంది. ఎక్కడన్నా కొళాయి తిప్పి ఒత్తిడి తగ్గిందా, పెద్ద పంపులు వాటంతటవే మొదలవుతాయి. వాటిలో కరెంటు పంపులతోపాటు డీజిలు పంపులూ ఉంటాయి. ఎందుకో చెప్పుకోండి చూద్దాం. మంట లేచినప్పుడు మొదట పోయేది కరెంటే గదా!

విశాఖపట్నంలో ఒక ఆదివారం

ఇన్ని ఏర్పాట్లు ఉన్నా నిప్పు మనిషిని ఓడించిన రోజులు ఉన్నాయి. 1997 సెప్టెంబరు 14, ఆదివారం. విశాఖ రేవులో ఓడనుంచి వంటగ్యాసును కర్మాగారంలోని పెద్ద పెద్ద ఉక్కు గోళాలలోకి ఎక్కిస్తున్నారు. తెల్లవారేవేళ ఎక్కడో గ్యాసు కారింది. వంటగ్యాసు గాలికన్నా బరువు. పైకి ఎగిరిపోదు, పొగమంచులాగా నేలను పట్టుకొని పాకుతుంది. పాకి, పాకి, ఎక్కడో నిప్పును తాకింది. పెద్ద పేలుడు జరిగి ఒక ట్యాంకునుంచి ఇంకో ట్యాంకుకు మంట అంటుకున్నది. సుమారు 60 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఆ ఉదయం మామూలుగా పనికి వచ్చినవాళ్ళే.

ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పలేదు. గ్యాసు విషయంలో అసలు ఆర్పే పని మంట పుట్టకముందే ఉన్నదని తెలియడానికి చెప్పాను. కారుతున్నదని కనిపెట్టే పరికరాలు, వెంటనే మూసే వాల్వులు, దగ్గర్లో నిప్పురవ్వ లేకుండా చూడడం, ఇవే అక్కడ మొదటి అగ్నిమాపక దళం. పక్కపక్కన ఉన్న కర్మాగారాలు, "మీకు ఆపద వస్తే మా బండ్లు వస్తాయి, మాకు వస్తే మీవి రావాలి" అని ముందే ఒప్పందం చేసుకుంటాయి. అందరూ కలిసి ఉత్తుత్తి మంటలతో కసరత్తు చేస్తారు. నిజం మంట వచ్చిన రోజు ఆలోచించడానికి వ్యవధి ఉండదు గదా!

కుర్రవాడి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు పాశర్లపూడి సంగతికి వద్దాం. అక్కడ గ్యాసు నేల లోతునుంచి భయంకరమైన ఒత్తిడితో వస్తున్నది. మీరు ఎలాగో మంట మాత్రం ఆర్పారనుకోండి. గ్యాసు ఆగుతుందా? ఆగదు. మండకుండా బయటికి వచ్చి, గాలిలో కలిసి, ఊళ్ళమీదికి పోతుంది. అప్పుడు ఏ ఇంటి పొయ్యి తగిలినా ఊరే పేలుతుంది. బావి నోరు కట్టలేనంతవరకు, మండే గ్యాసుకన్నా మండని గ్యాసే ప్రమాదం! అందుకే గ్యాసు మంటకు విరవవలసిన కాలు ఒక్కటే: కాలే వస్తువు రాకుండా ఆపాలి.

బావుల మంటలార్పడమే వృత్తిగా పెట్టుకున్న కంపెనీలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. పాశర్లపూడికి అమెరికానుంచి నీల్ ఆడమ్స్ దళం వారు వచ్చారు. మన మనుషులూ వారూ కలిసి పనిచేశారు. మంటకు దగ్గరగా వెళ్ళేవాళ్ళ మీద ఎడతెగకుండా నీళ్ళు చిమ్ముతూ నీటి గొడుగు పట్టారు. ఆ గొడుగు నీడలో, కాలి కూలిన ఇనుమంతా తొలగించి, బావి నోటి దగ్గరకు చేరారు. మార్చి 15న బావి అదుపులోకి వచ్చింది. రెండు నెలలు దాటిందన్నమాట.

ఇలాంటి పనికి పేరుపొందినవాడు రెడ్ అడేర్ అనే అమెరికావాడు. 1961 నవంబరులో సహారా ఎడారిలో, అల్జీరియా దేశపు గ్యాసు బావి ఒకటి అంటుకొని నెలల తరబడి మండింది. 1962 ఫిబ్రవరిలో భూమి చుట్టూ తిరిగిన జాన్ గ్లెన్ అనే వ్యోమగామికి ఆ మంట ఆకాశంనుంచే కనబడిందట! ఏప్రిల్‌లో అడేర్ దాని పక్కన మందుగుండు పేల్చి ఆర్పాడు. పేలుడుతో మంట ఆరడమేమిటి అంటారా? ఆ అదురుకు గాలీ మంటా ఒక్క క్షణం గ్యాసుకు దూరంగా నెట్టబడతాయి. ఊదితే దీపం ఆరినట్టే. ఆ తరవాత నిప్పురవ్వ పుట్టకుండా తడుపుతూ, బావికి మూత బిగించారు. మూత సిద్ధం చేసుకున్నాకనే ఊదాడు, చూశారా?

మన ఇంటి దగ్గర

ఇవన్నీ ఎక్కడో దూరాన అనుకోకండి. మా భద్రాచలం వైపు, అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉన్నది. 1991 నుంచి అక్కడ అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన బరువునీరు తయారవుతున్నది. ఆ పనికి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వాడతారు. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మండుతుంది, విషం కూడా. ఎక్కువగా ఉంటే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు! ఇలాంటి వాయువు ఉన్నచోట ఎత్తైన కర్రకు గుడ్డసంచి కట్టి ఉంచుతారు. గాలి ఎటు వీస్తే సంచి అటు ఊగుతుంది. ఆపద వస్తే గాలితోపాటు పరుగెత్తకుండా, దానికి అడ్డంగా పోవడానికి అది గుర్తు. ఇక మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రంలో 2024 జూన్ చివర పిడుగు పడి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఒకటి కాలిపోయింది. దానిలో ఉండేది కూడా నూనెయే మరి.

అన్నిటికన్నా దగ్గరి కర్మాగారం మీ వంటిల్లు. పెద్దలూ పిల్లలూ కలిసి ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి:

మూకుడులో నూనె అంటుకుంటే పొయ్యి ఆర్పి, మూత పక్కనుంచి తోయాలి. నీళ్ళు పోయకూడదు. మూకుడు ఎత్తకూడదు. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. ఈ పని పెద్దలది. పిల్లలు కేకవేసి బయటికి పోవాలి.

గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ వేయకూడదు, ఆర్పనూ కూడదు. రెండింటా రవ్వ పుడుతుంది. రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వచ్చి, అక్కడనుంచి 1906కు ఫోను చేయాలి.

మంట పెద్దదైతే వస్తువులకోసం లోపలికి పోవద్దు. బయటినుంచి 101కు గాని 112కు గాని చెప్పండి.

బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. పరుగెత్తితే గాలి ఎక్కువ తగులుతుంది. నేలమీద పడి దొర్లాలి. కాలినచోట చల్లని మామూలు నీళ్ళు చాలాసేపు పోయాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన దేశంలో అగ్నిమాపక వారోత్సవం జరుగుతుంది. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకున్నది. దానిలో పత్తి బేళ్ళూ పేలుడు మందూ ఒక్కచోటే ఉన్నాయి. ఆర్పడానికి వెళ్ళినవాళ్ళలో 66 మంది పేలుడుకు ప్రాణాలు కోల్పోయారు. ఈసారి ఆ వారంలో మీ ఊరికి అగ్నిమాపక బండి వస్తే, వారిని ఫోము ఎలా చిలుకుతారో చూపించమని అడగండి. సంతోషంగా చూపిస్తారు.

చాలా ఏళ్ళ తరవాత ఒక శ్రీరామనవమికి భద్రాచలం వంతెన మీద నాకు ఆ కుర్రవాడు కనిపించాడు. చంకలో పిల్లవాడు కూడా ఉన్నాడు. నేను గబగబా అతనికి బాకీ ఉన్న జవాబంతా చెప్పాను: నీళ్ళు మంటను ఆర్పలేదనీ, ఆర్పేవాళ్ళను కాపాడాయనీ, బావి నోరు కట్టిన తరవాతే ఆ మంట పని అయిపోయిందనీ. అతను ఓపికగా విని నవ్వాడు.

"పొయ్యిలోనుంచి ముందు కట్టెలు లాగాలని పెద్దమ్మ ఆ రోజే చెప్పింది గదా, సార్!"